అంబాసిడర్ ఇంజిన్ ఆయిల్ కారుతుంటే ఏ మరమ్మతు ఎంచుకోవాలి?

పాత అంబాసిడర్ ఉన్నవారికి, బండి తీశాక నేల మీద మిగిలే నల్లటి మరక గురించి సాధారణంగా రెండు సలహాలు వినబడతాయి. "ఈ ఇంజిన్ ఇంతే, ఆయిల్ పోసుకుంటూ తిరగండి" అనేది ఒకటి, "ఇంజిన్ దించి ప్యాకింగులన్నీ మార్చేద్దాం" అనేది రెండోది. ఈ రెండింటి మధ్య ఇంకా చాలా మార్గాలున్నాయి. వాటిలో కొన్నింటికి అరపూట పని, ఒక చిన్న ప్యాకింగు (అతుకు మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పలుచటి పట్టీ) సరిపోతాయి. కొన్నింటికి రెండు మూడు రోజుల కూలీ, లేత్ పని తప్పవు. ఏది మీ బండికి తగినదో తేల్చుకోవాలంటే, ఈ ఇంజిన్ ఆయిల్‌ను తనలో ఎలా నిలుపుకుంటుందో ముందు తెలియాలి.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించి. ఇది బ్రిటన్‌లోని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) సంస్థ బి సిరీస్ కుటుంబానికి చెందినది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఇదే 1489 సీసీ ఇంజిన్ ఉండేది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ దీన్ని దశాబ్దాల పాటు అంబాసిడర్‌లో బిగించింది. 1990లలో వచ్చిన ఇసుజు 1817 సీసీ ఇంజిన్ నిర్మాణం వేరు కాబట్టి ఈ సలహాలు దానికి వర్తించవు.

వెనుక సీలే లేని ఇంజిన్

ఈనాటి కార్లలో క్రాంకుకు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) రెండు చివరలా రబ్బరు ఆయిల్ సీళ్ళుంటాయి. క్రాంకును మూడు బేరింగులు మోసే ఈ బి సిరీస్ ఇంజిన్‌లో వెనుక చివర అలాంటి సీలు లేదు. ఫ్లైవీల్‌కు ముందు, క్రాంకు మీదే మర చుట్టులాంటి గాడి కోసి ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ గాడి, అక్కడిదాకా వచ్చిన ఆయిల్‌ను తిరిగి లోపలికి తోస్తుంది, ఆ ఆయిల్ వెనుక బేరింగు దగ్గరున్న దారి గుండా, అడుగున ఆయిల్ నిలవ ఉండే ఛాంబర్‌లోకి దిగుతుంది. గాడికీ దాని చుట్టూ ఉన్న గూడుకూ మధ్య వెంట్రుక మందపు సందు ఎప్పుడూ ఉంటుంది, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. అంటే ఇంజిన్ ఆగిన క్షణం నుంచి అక్కడ ఆయిల్‌ను ఆపేది ఏదీ లేదు. ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలులో బండి నిలిపినా, డిప్‌స్టిక్ మీద పై గీత దాటి ఆయిల్ పోసినా, ఆగిన కొద్దిసేపటికి బెల్ హౌసింగు (ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పే గూడు) కింద నాలుగు బొట్లు రాలడం దీని తయారీలోనే ఉంది. బీఎంసీ వారే 1964లో ఎంజీబీ కారు ఇంజిన్‌ను అయిదు బేరింగులకు మార్చినప్పుడు వెనుక రబ్బరు సీలు పెట్టారు. మన అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ మాత్రం మూడు బేరింగులతోనే కొనసాగింది.

పాత ఇంజిన్లలో ముందు వైపు టైమింగ్ గొలుసును కప్పే టైమింగ్ కవర్‌లోనూ రబ్బరు ఉండదు, ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) రింగు ఉంటుంది. ఇంజిన్ పైనున్న టాపెట్ కవర్, పక్కనున్న రెండు సైడ్ కవర్లు, ఛాంబర్ అన్నీ రేకుతో చేసినవి, వాటి కింద ఉండేది కార్క్ ప్యాకింగు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే దుకాణాల్లో దొరికే చాలా చిట్కాలు రబ్బరు సీళ్ళున్న ఇంజిన్ల కోసం తయారైనవి.

ఎక్కడి నుంచి కారుతోందో తేల్చకుండా పానా పట్టవద్దు

ఆయిల్ కారిన చోట కనబడదు, చేరిన చోట కనబడుతుంది. ఫ్యాను గాలి, బండి వేగం కలిసి దాన్ని వెనక్కి నెడతాయి, బరువు కిందికి దింపుతుంది. పైన టాపెట్ కవర్ మూల నుంచి జారిన ఆయిల్ కూడా చివరికి బెల్ హౌసింగు దగ్గరే బొట్టుగా రాలుతుంది. నా 1974 మార్క్ 2 విషయంలో ఇదే జరిగింది. వెనుక బేరింగు దగ్గర కారుతోందని ఒక వర్క్‌షాపులో గేర్‌బాక్సు దించారు, క్లచ్ విప్పారు, తిరిగి బిగించారు, వారంలోపే మరక మళ్ళీ అక్కడే పడింది. ఆ తర్వాత ఇంజిన్‌ను డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడర్ చల్లి పది కిలోమీటర్లు తిప్పి చూశాను. బెల్ హౌసింగు చుట్టూ పౌడర్ తెల్లగా పొడిగానే ఉంది. మానిఫోల్డ్ కింద, వెనుక సైడ్ కవర్ అడుగు అంచున మాత్రం మినపగింజంత తడి చుక్క, అక్కడి నుంచి బ్లాకు మీదుగా వెనక్కి సన్నని గీత. మొత్తం తగాదా ఆ ఒక్క కార్క్ ముక్కది. పౌడర్ పరీక్షకు పట్టింది ఒక గంట, దాన్ని చేయకపోవడం వల్ల పోయింది రెండు రోజుల కూలీ.

కాబట్టి ముందు కడగండి, తర్వాత అన్నిటికన్నా ఎత్తుగా, అన్నిటికన్నా ముందుగా తడిసిన చోటును వెతకండి. బెల్ హౌసింగు అడుగున ఒక రంధ్రం, అందులో వేలాడే కాటర్ పిన్ను ఉంటాయి. ఆ పిన్ను చివర బొట్టు ఉంటేనే లోపలి నుంచి వస్తోందని అనుకోవాలి. అప్పుడు కూడా అది ఇంజిన్ ఆయిలో గేర్‌బాక్సు ఆయిలో చూడాలి. రెండింటి మట్టాలూ రాసుకుని అయిదారు వందల కిలోమీటర్లు తిరిగితే ఏది తగ్గుతోందో తెలిసిపోతుంది.

ఎంత కారుతోందన్నదీ అంచనా వేసుకోవాలి. ఒక మిల్లీలీటరుకు సుమారు ఇరవై బొట్లు. నిలిపిన బండి పది నిమిషాలకో బొట్టు వదులుతుంటే రోజుకు 144 బొట్లు, అంటే ఏడు మిల్లీలీటర్లు. నెలంతా అలాగే కారినా పావు లీటరు దాటదు. మరక చూసి భయపడేంత పని లేదు. అదే ఆయిల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి కాలిన వాసన వస్తుంటే, క్లచ్ జారుతుంటే, లేదా ప్రెషర్‌తో ఉన్న గొట్టం నుంచి వస్తుంటే మాత్రం బొట్ల లెక్క పక్కన పెట్టి బండి ఆపాలి. ఆయిల్ ప్రెషర్ గేజికి వెళ్ళే సన్నని గొట్టం తెగితే కొద్ది నిమిషాల్లో ఛాంబర్ ఖాళీ అవుతుంది. దాన్ని మార్చడంలో ఎంపికకు తావే లేదు.

ప్యాకింగు కంటే ముందు బ్రీదర్

నా అభిప్రాయంలో అందరూ దాటేసే మెట్టు ఇదే. పిస్టన్ రింగులను దాటి కొంత గ్యాసు ఎప్పుడూ క్రాంకుకేసులోకి దిగుతుంటుంది. అది బయటికి పోవడానికి ముందు సైడ్ కవర్‌కు బ్రీదర్ గొట్టం, టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు మరో గొట్టం ఉంటాయి. యాభై ఏళ్ళ మడ్డి పేరుకుని ఆ దారులు మూసుకుపోతే లోపలి ఒత్తిడి ప్రతి అతుకు దగ్గరా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. వెనుక మర గాడి మీద ఈ ఒత్తిడి ప్రభావం మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎదిరించి నిలిచే రబ్బరు లేదు. అలాంటి ఇంజిన్‌కు ఎంత మంచి ప్యాకింగు వేసినా అది కొద్ది నెలల ముచ్చటే.

నా బండి బ్రీదర్ గొట్టం విప్పినప్పుడు లోపల ముదురు పాకం గడ్డకట్టినట్టు మడ్డి నిండి, చిటికెన వేలు కూడా దూరలేదు. దాన్ని రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, సైకిలు బ్రేకు తీగతో పొడిచి, గాలి కొట్టి బిగించాక, ఇతర అతుకుల దగ్గర చెమ్మ సగానికి సగం తగ్గింది. అప్పటికి నేను ఒక్క ప్యాకింగు కూడా మార్చలేదు.

పరీక్ష సులువు. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద పలుచటి టిష్యూ కాగితం ఆనించండి. కాగితం కొద్దిగా అదిరితే ఫరవాలేదు. పైకి ఎగిరిపోతూ పొగ గుప్పుగుప్పున వస్తుంటే, బ్రీదర్ శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే, రింగులు అరిగాయని అనుమానించాలి. అప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించండి. తక్కువగా చూపిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూసినప్పుడు అంకె పెరిగితే లోపం రింగులదీ బోరుదీ (సిలిండర్ లోపలి గోడది). ఆ ఇంజిన్‌కు బయటి ప్యాకింగుల మీద డబ్బు పెట్టడం కంటే ఆ డబ్బును దాచుకుని ఒకేసారి బోరు పని చేయించడం మేలు.

సీసాలో దొరికే మందు, చిక్కటి ఆయిల్, ప్యాకింగు

ఆయిల్‌లో కలిపితే లీకు ఆగుతుందని అమ్మే ద్రవాలు గట్టిపడిన రబ్బరు సీళ్ళను మెత్తబరిచి, కొద్దిగా ఉబ్బించి పనిచేస్తాయి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ కారే ముఖ్యమైన చోట్ల ఉన్నవి కార్క్, ఫెల్ట్, వెనుక అయితే వట్టి ఇనుము. ఉబ్బడానికి అక్కడ రబ్బరే లేదు. అందుకే పెట్రోల్ అంబాసిడర్‌కు ఈ మందులు కొనవద్దని గట్టిగా చెబుతాను.

చిక్కటి ఆయిల్ సంగతి వేరు. ఈ ఇంజిన్‌కు 20డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ తగినది. కొత్త కార్ల కోసం వచ్చిన పలుచటి సింథటిక్ ఆయిల్ ఖరీదైనదే గాని, ఈ సందుల్లోంచి మరింత సులువుగా జారిపోతుంది. మీరు పలుచటిది వాడుతుంటే 20డబ్ల్యూ-50కి మారడం వల్ల వేసవిలో తేడా కనిపిస్తుంది. ఇప్పటికే అది వాడుతుంటే ఇంకా చిక్కటిదానికి పోవద్దు. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పైనున్న రాకర్లకు ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది, లీకు తగ్గించబోయి అరుగుదల తెచ్చుకున్నట్టవుతుంది.

ఇక ప్యాకింగు. టాపెట్ కవర్‌కు మూడు రకాలు దొరుకుతాయి. మామూలు కార్క్ చవక, రేకు అంచు కొద్దిగా వంకరగా ఉన్నా సర్దుకుంటుంది. కానీ వేడికి గట్టిపడి రెండు మూడేళ్ళలో పెళుసెక్కుతుంది. దుకాణంలో ఏళ్ళ తరబడి పడి ఉన్నది ఎండి కుంచించుకుపోతుంది, అలాంటిదాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కొంతసేపు ఉంచితే తిరిగి కొలతకు వస్తుంది. రబ్బరు కలిపిన కార్క్ కొంచెం ఎక్కువ ధరకు దొరికినా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది, నా ఎంపిక అదే. అచ్చంగా సిలికాన్ రబ్బరుతో పోసిన ప్యాకింగు పదేపదే వాడుకోవచ్చు గాని, కవర్ అంచు సమతలంగా లేకపోతే అది పక్కకు జారిపోతుంది.

నాలుగో పద్ధతి, అంటే ప్యాకింగే లేకుండా ట్యూబులోని సిలికాన్ పేస్టు దట్టంగా పూయడం, మన దగ్గర బాగా పాతుకుపోయింది. దీన్ని నేను ఒప్పుకోను. బిగించినప్పుడు బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. లోపల పొంగినది తీగలుగా తెగి ఛాంబర్‌లోకి చేరి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. పైగా టాపెట్ సెట్టింగ్ కోసం ఈ కవర్ తరచూ విప్పవలసినదే. ప్రతిసారీ పాత పేస్టు గీరుతూ కూర్చోవాలి. ప్యాకింగును కవర్ వైపు మాత్రమే పలుచటి జిగురుతో అంటించి, హెడ్ వైపు కొద్దిగా గ్రీజు రాస్తే, కవర్ ఎన్నిసార్లు తీసినా ప్యాకింగు దానితోనే వస్తుంది. పేస్టు తప్పనిసరి అయ్యేది ఛాంబర్ ప్యాకింగు, బేరింగు మూతల కార్క్ ముక్కలతో కలిసే నాలుగు మూలల దగ్గర. అక్కడ బఠాణీ గింజంత చాలు.

అసలు ప్యాకింగు కంటే రేకే ఎక్కువసార్లు దోషి. కారుతోందని బిగించగా బిగించగా నట్టు చుట్టూ రేకు లోపలికి గుంట పడుతుంది, మిగతా అంచు పైకి లేస్తుంది, ఇంకా కారుతుంది, ఇంకా బిగిస్తారు. టాపెట్ కవర్ నట్లకు కావలసిన బిగువు కేవలం 4 పౌండ్-ఫుట్, అంటే సుమారు 5.5 న్యూటన్ మీటర్లు. హెడ్ నట్లకు పట్టే బలంలో ఇది దాదాపు పదో వంతే, చిన్న పానాను రెండు వేళ్ళతో తిప్పితే సరిపోతుంది. నట్ల కింద ఉండే రబ్బరు బుష్‌లు గట్టిపడి ఉంటే వాటినీ మార్చాలి, ఆయిల్ అక్కడి నుంచి కూడా ఊరుతుంది. కవర్‌ను అద్దం పలక మీద బోర్లించి చూస్తే వంకర తెలుస్తుంది. చెక్క దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా కొట్టి అంచు సరిచేశాకే కొత్త ప్యాకింగు వేయాలి. ఛాంబర్ అంచుకూ ఇదే పద్ధతి.

సైడ్ కవర్లను పట్టి ఉంచేది మధ్యలో ఒక్కొక్క బోల్టే కాబట్టి అవి ఇంకా సులువుగా వంగుతాయి. వాటిని చేరాలంటే కార్బురేటర్, మానిఫోల్డ్ విప్పాలి, అందువల్ల ఒకదాని కోసం దిగినా రెండూ మార్చేయడం తెలివైన పని. దీనికి ఒక పూట పడుతుంది.

చిన్నవాటిని త్వరగా చెప్పేస్తాను. డ్రెయిన్ ప్లగ్గు దగ్గరా, ఆయిల్ గొట్టాల బోల్టుల దగ్గరా ఉండే రాగి వాషర్లు గట్టిపడి ఉంటే, గ్యాస్ స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేయండి, మెత్తబడి మళ్ళీ పట్టు వస్తుంది. ఫిల్టర్ డబ్బా దగ్గర కారుతుంటే, గాడిలో పాత రబ్బరు రింగు ఉండగానే దాని మీద కొత్తది పెట్టారేమో చూడండి. సూదితో గుచ్చి లాగితే ఒక్కోసారి రెండు రింగులు కూడా వస్తాయి.

ముందు వైపు: ఫెల్టా, రబ్బరా?

క్రాంకు పుల్లీ వెనుక నుంచి కారితే రేడియేటర్ విప్పి టైమింగ్ కవర్ తీయాలి. అంత పని చేశాక మళ్ళీ ఫెల్ట్ రింగే వేయడం కంటే, తరువాతి కాలంలో వచ్చిన రబ్బరు సీలు కవర్ సంపాదించి వేయడమే మంచిది. అయితే ఒక హెచ్చరిక. కవర్ వెనుక క్రాంకు మీద ఉండే ఆయిల్ త్రోయర్ పళ్ళెం రెండు రకాలు. ఫెల్ట్ కవర్‌కు పాత పళ్ళెం, రబ్బరు కవర్‌కు కొత్త పళ్ళెం జతగా రావాలి. ఒకదాని జత మరొకదానికి వేస్తే కొత్త సీలు కూడా కారుతుంది. పాత బళ్ళ విడిభాగాల దుకాణంలో కవర్ ఒక్కటే దొరికితే, పళ్ళెం కూడా దొరికేదాకా ఆగండి.

బిగించేటప్పుడు కవర్ స్క్రూలను వదులుగా ఉంచి, పుల్లీని ఆయిల్ రాసి లోపలికి తోయండి. సీలు పుల్లీ చుట్టూ తానే మధ్యకు సర్దుకుంటుంది, అప్పుడు స్క్రూలు బిగించాలి. పుల్లీ మీద సీలు ఆనే చోట గోరుకు తగిలే గాడి పడి ఉంటే, కొత్త సీలు కూడా ఆపలేదు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట లేత్ పనివారు పలుచటి స్లీవు ఎక్కించి ఆ గాడిని కప్పేస్తారు.

వెనుక వైపు: ఓర్చుకోవాలా, దించాలా?

పరీక్షలన్నీ అయ్యాక, బ్రీదర్ శుభ్రంగా ఉండి, ఆయిల్ మట్టం పై గీత దాటకుండా ఉండి, అప్పటికీ కాటర్ పిన్ను నుంచి ఇంజిన్ ఆయిలే కారుతుంటే, మూడు దారులున్నాయి.

మొదటిది ఓర్చుకోవడం. రాత్రికి చారెడంత మరక పడుతూ, క్లచ్ సరిగా పట్టుతూ, వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు లోపే తగ్గుతుంటే, దీన్నే ఎంచుకోమంటాను. ముందు భాగం కొద్దిగా కిందికి ఉండేలా నిలపండి, కింద ఒక పళ్ళెంలో ఇసుక పెట్టుకోండి, వారానికోసారి డిప్‌స్టిక్ చూడండి. దీన్ని చేతకానితనంగా ఎవరూ అనుకోనక్కరలేదు, ఇంజిన్ స్వభావం తెలిసి చేసే పని ఇది.

రెండోది, పాత పద్ధతినే సరిచేయడం. మెయిన్ బేరింగులు అరిగితే క్రాంకు కిందికి దిగి, మర గాడి పైవైపు సందు పెరుగుతుంది. కొత్త బేరింగులు వేసి, వెనుక మూత పక్కలనున్న కార్క్ ముక్కలు మార్చి, ఆయిల్ ఛాంబర్‌లోకి తిరిగి దిగే దారిలోని మడ్డి తీసేస్తే, కంపెనీ నుంచి వచ్చిన నాటి స్థితికి చేరుతుంది. అప్పుడు కూడా ఒకటి రెండు బొట్లు ఉంటాయి. వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ తక్కువగా ఉండి, అడుగున దడదడ వినిపిస్తుంటే ఈ దారి తప్పనిసరి, ఎందుకంటే అప్పుడు లీకు ఒక లక్షణం మాత్రమే, రోగం బేరింగులది.

మూడోది, రబ్బరు సీలు అమర్చడం. ఇదే కుటుంబానికి చెందిన మూడు బేరింగుల ఇంజిన్ల కోసం విదేశాల్లో మార్పిడి కిట్లు అమ్ముతున్నారు. వినడానికి ఇదే అందరికీ కావలసిన పరిష్కారంలా ఉంటుంది గాని, సీలు ఆనే చోట క్రాంకు అద్దంలా నున్నగా, గుండ్రంగా ఉండాలి, సీలు గూడు క్రాంకు కేంద్రానికి సరిగ్గా కుదరాలి. కొద్దిపాటి తేడా ఉన్నా సీలు ఒక వైపు అరిగి, మర గాడి కంటే ఎక్కువ కారుతుంది. మీ క్రాంకు కొలతలు కిట్‌తో పోల్చి చూసుకోకుండా డబ్బు పంపవద్దు. ఎంజీఏకు సరిపోయినంత మాత్రాన మీ అంబాసిడర్‌కు సరిపోతుందని అనుకోకూడదు. ఇలాంటి పని ముందు చేసిన టర్నర్ అందుబాటులో ఉంటే, బోరు పని కోసం ఇంజిన్ ఎలాగూ దించుతుంటే, అప్పుడు దీన్ని ఆలోచించండి. ఒక్క లీకు కోసమే ఇంజిన్ దించి ఈ కిట్ వేయించమని నేను ఎవరికీ చెప్పను.

క్లచ్ ఆయిల్‌తో తడిసి జారుతుంటే మాత్రం వాయిదా వేయడానికి లేదు. క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్‌బాక్సు ఎలాగూ దించాలి కాబట్టి, అదే సమయంలో ఫ్లైవీల్ విప్పించి మర గాడి చుట్టూ ఎంత తడి ఉందో మీ కళ్ళతో చూడండి. కింది భాగం మాత్రమే తడిసి ఉంటే ఛాంబర్ వెనుక కార్క్ ముక్కను అనుమానించాలి, చుట్టూ సమానంగా తడిసి ఉంటే గాడిని. ఈ ఒక్క పరిశీలనతో బేరింగు పనికి డబ్బు పెట్టాలా, ఛాంబర్ ప్యాకింగుతో సరిపెట్టుకోవాలా అన్నది తేలుతుంది. ఏ ప్యాకింగు వేసినా మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ చల్లబడి ఉన్నప్పుడు, కార్క్ అణిగిన మేరకు పావు తిప్పు మాత్రం బిగించుకోవాలి.